గ్రాఫిక్స్ కాన్ఫరెన్స్‌లో పాఠం చెప్తామని అప్లై చేశాం... 14 టాపిక్స్‌తో!

ఈ ఎపిసోడ్ చూస్తూనే చిన్న పని ఒకటి చేయండి. ఏదైనా షాపింగ్ యాప్‌లో త్రీడీ వ్యూ ఉన్న వస్తువుని ఓపెన్ చేయండి. కుర్చీ అయినా సరే, షూ అయినా సరే. వేలితో అటూ ఇటూ తిప్పండి. కుర్చీ కాళ్లు స్టీల్‌లా తళతళమంటాయి. సీటు మీద గుడ్డ మాత్రం మెరవదు. లైటు అదే, కెమెరా అదే. మరి తేడా ఎక్కణ్నుంచి వచ్చింది? చాలావరకు రెండు నంబర్ల నుంచి. ఒకటి మెటాలిక్, ఇంకోటి రఫ్‌నెస్. రెండూ సున్నాకీ ఒకటికీ మధ్యలో ఉంటాయి.

ఆ రెండు నంబర్లు మీ ఫోన్ దాకా వచ్చిన దారిలో ఒక క్లాస్‌రూమ్ ఉంది. ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం. ఆ క్లాస్‌లో పాఠం చెప్తామని మేము పెట్టుకున్న అప్లికేషన్ గురించి కూడా చెప్తాను. అది ఎందుకు తిరిగొచ్చిందో కూడా దాచను.

సిగ్‌గ్రాఫ్ అని ఒక కాన్ఫరెన్స్ ఉంది. కంప్యూటర్ గ్రాఫిక్స్ వాళ్లకి అది పెద్ద జాతర లాంటిది. 1974లో అమెరికాలోని బౌల్డర్‌లో మొదలైంది. 2008లో సింగపూర్‌లో సిగ్‌గ్రాఫ్ ఆసియా కూడా మొదలైంది. అక్కడ రీసెర్చ్ పేపర్లు ఉంటాయి, యానిమేషన్ షోలు ఉంటాయి, ఎగ్జిబిషన్ ఉంటుంది. వాటితో పాటు కోర్సులు అని ఒక విభాగం ఉంటుంది. కోర్స్ అంటే మన సెమిస్టర్ కోర్స్ కాదండీ. ఒక టాపిక్ మీద గంటన్నరో, మూడు గంటలో కూర్చోబెట్టి నేర్పించే క్లాస్. ఎంతసేపు అన్నది ఏడాదిని బట్టి కొంచెం మారుతుంది. పేపర్‌లో అయితే "ఇది ఇంతవరకు ఎవరూ చేయలేదు" అని నిరూపించాలి. కోర్స్‌లో ఆ బాధ లేదు. ఉన్న విషయాన్నే చెప్పొచ్చు, కానీ ఎదురుగా కూర్చున్నవాడికి రావాలి. ఈ తేడా మాకు మొదట్లో అర్థం కాలేదు. దాని ఫలితం ఏంటో తర్వాత చెప్తా.

2012లో ఇలాంటి ఒక కోర్స్‌లో డిస్నీ యానిమేషన్ స్టూడియోకి చెందిన బ్రెంట్ బర్లీ అనే ఆయన మాట్లాడారు. అంతకుముందు మెర్ల్ అనే ల్యాబ్ వాళ్లు 100 రకాల మెటీరియల్స్ మీద లైటు ఎలా తిరిగొస్తుందో కొలిచి ఆ డేటా బయట పెట్టారు. బర్లీ టీమ్ దాన్ని పరిశీలించి ఒక పద్ధతి తయారు చేసుకుంది. ఒక రంగు, దానికి తోడు పది నంబర్లు. అంతే. రూల్స్ కూడా సింపుల్. నంబర్లు వీలైనంత తక్కువ ఉండాలి. పేరు చూడగానే ఆర్టిస్టుకి విషయం తెలియాలి, ఫిజిక్స్ పుస్తకం తెరవాల్సిన పని ఉండకూడదు. వీలైనంతవరకు అన్నీ సున్నా నుంచి ఒకటిలోపే ఉండాలి. ఆ ఏడాదే వచ్చిన రెక్-ఇట్ రాల్ఫ్ సినిమాలో జుట్టు తప్ప దాదాపు అన్ని మెటీరియల్స్‌కీ దీన్నే వాడారు.

ఆయన ఆ పద్ధతిని కోర్స్ నోట్స్‌లో పూర్తిగా రాసి పెట్టారు. 2013లో అదే కోర్స్ సిరీస్‌లో ఎపిక్ గేమ్స్ నుంచి బ్రయన్ కారిస్ వచ్చి, దాన్ని అన్‌రియల్ ఇంజిన్ 4 కోసం ఎలా తేలిక చేశారో చెప్పారు. ఆ నోట్స్‌ని గేమ్స్ వాళ్లందరూ చదివారు. 2017లో బ్లెండర్ 2.79లో ప్రిన్సిపుల్డ్ అనే షేడర్ వచ్చింది కదా, దాని మూలం కూడా బర్లీ పద్ధతే. త్రీడీ మోడల్స్‌ని వెబ్‌లోకి, ఫోన్‌లోకి పంపే జీఎల్‌టీఎఫ్ 2.0 ఫార్మాట్ కూడా 2017లోనే మెటాలిక్-రఫ్‌నెస్ పద్ధతితో వచ్చింది. మీరు ఇందాక తిప్పిన కుర్చీ ఆ ఫార్మాట్‌లో ఉండే అవకాశం బాగానే ఉంది. ఒక క్లాస్‌లో చెప్పిన పాఠం, అయిదేళ్లలో మన జేబులోకి వచ్చేసింది చూడండి.

ఇప్పుడు నా సంగతి. నేను బీటెక్ కంప్యూటర్ సైన్స్. మాకు కంప్యూటర్ గ్రాఫిక్స్ ల్యాబ్ ఉండేది. మీలో చాలామందికి కూడా ఉండే ఉంటుంది. నీలం స్క్రీన్ టర్బో సీ, గ్రాఫిక్స్ డాట్ హెచ్, ఇనిట్‌గ్రాఫ్ రాస్తే బీజీఐ ఫైల్ దొరకలేదని ఎర్రర్. డీడీఏ లైన్, బ్రెసెన్‌హామ్ లైన్, సర్కిల్, చివర్లో ఒక కారు బొమ్మ ఎడమ నుంచి కుడికి వెళ్లడం. ఎక్స్‌టర్నల్ ఎగ్జామ్‌లో సర్కిల్ వచ్చినవాడు అదృష్టవంతుడు. ఏదో తిట్టడానికి చెప్పట్లేదు, బ్రెసెన్‌హామ్ ఇప్పటికీ చక్కటి ఆల్గారిథమే. కానీ రూమ్‌కి వచ్చి ఫోన్‌లో గేమ్ ఆడుతుంటే ఒకటే డౌట్. ఆ ల్యాబ్‌లో గీసిన కారుకీ, ఈ గేమ్‌లో కారుకీ మధ్యలో ఏం జరిగింది?

ఆ మధ్యలో ఏం జరిగిందో నాకు చెప్పింది ఈ కోర్స్ నోట్సే. పిక్సార్ వాళ్ల సైట్‌లో విట్‌కిన్, బరాఫ్ రాసిన ఫిజికల్లీ బేస్డ్ మోడలింగ్ నోట్స్ ఉన్నాయి. వస్తువులు పడటం, గుద్దుకోవడం, స్ప్రింగ్‌లా ఊగడం కంప్యూటర్‌లో ఎలా లెక్కపెట్టాలో అందులో ఉంటుంది. 2001 నాటివి. నేను ఫోర్త్ సెమ్‌లో హాస్టల్ వైఫైలో డౌన్‌లోడ్ చేసుకున్నా. నటాల్యా టాటర్‌చుక్ 2006 నుంచి నడిపిస్తున్న అడ్వాన్సెస్ ఇన్ రియల్-టైమ్ రెండరింగ్ అనే కోర్స్ స్లైడ్స్ కూడా ఫ్రీగా దొరుకుతాయి. రూపాయి ఖర్చు లేదు. గేమ్ స్టూడియోల వాళ్లు తాము ఏం చేశారో, ఎక్కడ బోల్తా పడ్డారో విప్పి చెప్పేస్తారు. నాకు మొదటి గ్రాఫిక్స్ జాబ్ ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్నల్లో సగం ఆ స్లైడ్స్‌లో చదివినవే.

అందుకే నాకూ, మా పాత టీమ్‌లోని ఇద్దరు ఫ్రెండ్స్‌కీ ఒక ఆలోచన వచ్చింది. ఇన్నాళ్లు తీసుకున్నాం, మనం కూడా ఒక కోర్స్ చెప్దాం అని. నాలుగేళ్లు మొబైల్ గ్రాఫిక్స్ మీద పని చేసిన అనుభవం ఉంది. ఒక కాన్ఫరెన్స్‌కి, పేరు వద్దులెండి, ప్రపోజల్ పెట్టాం.

ఆ ప్రపోజల్ ఎలా ఉందంటే... నవ్వకండి. ఆధునిక గ్రాఫిక్స్ మొత్తం, మొదటి నుంచి చివరి దాకా అని టైటిల్. టైమ్ గంటన్నర. టాపిక్స్ 14. షేడర్స్, షాడోస్, రే ట్రేసింగ్, ఫిజిక్స్, యానిమేషన్, న్యూరల్ రెండరింగ్, ఇంకా ఏవేవో. ఎవరి కోసం అన్న దగ్గర "అందరికీ" అని రాశాం. ముందు ఏం తెలిసి ఉండాలి అంటే "కొంచెం ప్రోగ్రామింగ్". పంపేముందు మా సీనియర్ ఒకావిడకి చూపించాం. ఆవిడ ఇలాంటి క్లాసులు చాలా చెప్పారు. మేం అక్కా అనే పిలుస్తాం. చదివి, "ఒరేయ్, 90ని 14తో భాగించు" అన్నారు.

"ఆరున్నర నిమిషాలు కూడా రావట్లేదక్కా."

"ఆరు నిమిషాల్లో షాడోస్ చెప్తావా? నువ్వు నాకు ఆ బగ్ ఏంటో చెప్పడానికే మొన్న గంట తీసుకున్నావ్."

మేం వినలేదు. అన్నీ పెడితే మనకి అన్నీ వచ్చని జ్యూరీ వాళ్లకి తెలుస్తుంది కదా అనుకున్నాం. పంపేశాం. రెండు నెలల తర్వాత రిజెక్ట్ అయ్యింది. కామెంట్స్ మర్యాదగానే ఉన్నాయి, కానీ విషయం ఒక్కటే. ఇది ఎవరి కోసమో అర్థం కాలేదు, ఈ 14లో ప్రతి దాని మీదా ఇంతకంటే మంచి మెటీరియల్ ఇప్పటికే ఉంది, ఇది వినేసి ఇంటికెళ్లిన మనిషి కొత్తగా ఏం చేయగలడు? ఆ మూడో ప్రశ్నకి మా ముగ్గురి దగ్గరా సమాధానం లేదు. మేం మాకు వచ్చింది రాశాం. వాళ్లు అడిగింది వినేవాడికి ఏం వస్తుంది అని. రెజ్యూమేని తీసుకెళ్లి సిలబస్ అని ఇచ్చాం అన్నమాట. తప్పు పూర్తిగా మాదే.

ఓ నాలుగు రోజులు బాధపడ్డాం. మా ఫ్రెండ్ అయితే "మామా, ఇవన్నీ పెద్ద కాలేజీల వాళ్లకిరా, మనకి కాదు" అన్నాడు. ఈ మాట మీరూ అనుకుంటున్నారేమో, అందుకే ఇక్కడ ఆగి చెప్తున్నా. కోర్స్ చెప్పడానికి పీహెచ్‌డీ ఉండాలని రూల్ లేదు. స్టూడియోల్లో, కంపెనీల్లో రోజూ ఆ పని చేసేవాళ్లు చాలామంది చెప్తారు. జ్యూరీ మన బయోడేటా చూస్తుంది, నిజమే. కానీ చూసేది ఈ టాపిక్‌ని ఈ మనిషి చేతులతో చేశాడా, నలుగురి ముందు చెప్పగలడా అని. ఇంతకుముందు చెప్పిన క్లాస్ వీడియో ఏదైనా ఉంటే దాన్ని మించిన సాక్ష్యం లేదు. మన ఇంగ్లిష్ యాస గురించి భయం ఉందా? అక్కడ జపాన్ వాళ్లు, ఫ్రాన్స్ వాళ్లు, బ్రెజిల్ వాళ్లు, అందరూ వాళ్ల యాసలోనే మాట్లాడతారు.

సరే, రెండోసారి. ఈసారి అక్క అడిగింది ఒకటే ప్రశ్న. "మీ ముగ్గురూ పని చేసిన నాలుగేళ్లలో, పక్కవాడికి మళ్లీ మళ్లీ చెప్పాల్సి వచ్చిన విషయం ఏంటి?" మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఫోన్ వేడెక్కడం! కొత్తగా టీమ్‌లోకి వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పిన విషయం అదే. పీసీలో బ్రహ్మాండంగా ఆడే గేమ్, ఫోన్‌లో పది నిమిషాలకే ఇస్త్రీపెట్టె అయిపోతుంది. ఎందుకు?

మీకు కూడా రెండు ముక్కల్లో చెప్పేస్తా. ఫుల్ హెచ్‌డీ స్క్రీన్ అంటే 1920 ఇంటూ 1080 పిక్సెల్స్. పిక్సెల్‌కి 4 బైట్లు. ఒక్క బొమ్మకి దాదాపు 8 ఎంబీ. సెకనుకి 60 బొమ్మలు గీస్తే, ఒక్కసారి రాయడానికే దాదాపు 500 ఎంబీ. అదే చోట పొగ, మంట, అద్దం అని ఒకదాని మీద ఒకటి అయిదు పొరలు గీశారనుకోండి, రాయడమే రెండున్నర జీబీ. పొగలోంచి వెనకది కనపడాలి కాబట్టి పాతది చదవాలి కూడా. ఇదంతా ఫోన్ మెయిన్ మెమరీకి వెళ్లి వస్తే బ్యాటరీ ఏమైపోవాలి? అందుకే ఫోన్లలో ఉండే చాలా జీపీయూలు స్క్రీన్‌ని చిన్న చిన్న గళ్లుగా కోసుకుంటాయి. ఒక్కో గడిని తన పక్కనే ఉన్న బుల్లి మెమరీలో పూర్తిగా గీసి, అయిపోయాక ఒక్కసారి బయటికి పంపుతాయి. పోపు పెట్టేటప్పుడు ఆవాలకి ఒకసారి, జీలకర్రకి ఒకసారి కిరాణా కొట్టుకి పరిగెత్తం కదా, పోపుల డబ్బా పొయ్యి పక్కనే పెట్టుకుంటాం. అదే ఇది.

ఇప్పుడు చిక్కు ఎక్కడంటే, ఈ సంగతి తెలియక మనం రాసే కోడే జీపీయూని మళ్లీ కొట్టుకి పంపిస్తుంది. ఉదాహరణకి, కొత్త ఫ్రేమ్ మొదలుపెట్టేటప్పుడు పాత బొమ్మ అక్కర్లేదు, చెరిపెయ్ అని చెప్పకపోతే, అది అవసరమేమో అనుకుని మెయిన్ మెమరీ నుంచి మొత్తం వెనక్కి తెచ్చుకుంటుంది. ఒక్క లైన్ కోడ్. దాన్ని సరిచేస్తే ఎంత తేడా వస్తుందో మేం కళ్లారా చూశాం.

ప్రపోజల్ ఇప్పుడు దానంతట అదే రాసుకుపోయింది. ఎవరి కోసం? పీసీలో ఏదైనా ఇంజిన్‌తో చిన్న గేమ్ చేసి, మొదటిసారి ఫోన్‌లోకి తెచ్చేవాళ్ల కోసం. ముందు ఏం తెలియాలి? ఒక షేడర్ అయినా రాసి ఉండాలి. చివరికి ఏం చేయగలరు? తమ గేమ్‌లో మెమరీ ఎక్కడ వృథా అవుతుందో ప్రొఫైలర్‌లో పట్టుకుని, మూడు మామూలు తప్పుల్ని సరిచేయగలరు. గంటన్నరని నిమిషాలతో సహా పంచాం. మొదటి పది నిమిషాలు రెండు ఫోన్లలో ఒకే సీన్, ఒకటి వేడి, ఒకటి చల్లన. తర్వాత 15 నిమిషాలు మెమరీ లెక్క, 20 గళ్ల జీపీయూ, 25 నిమిషాలు అందరి ముందు మూడు తప్పుల్ని సరిచేయడం, పది కొలిచి చూపించడం, చివరి పది ప్రశ్నలకి. ఈ నిమిషాలు రాయడం ఏదో ఫార్మాలిటీ అనుకునేవాణ్ని. కాదు. నిమిషాలు రాస్తుంటేనే ఏది పట్టదో తెలిసిపోతుంది. కంప్యూట్ షేడర్స్ అని నాకు ప్రాణమైన భాగం ఉండేది, దాన్ని నా చేత్తో నేనే కొట్టేశాను.

ఇక నోట్స్. చాలామంది స్లైడ్స్ ఉంటే చాలనుకుంటారు. స్లైడ్ మీద బొమ్మ ఉంటుంది, దాన్ని వివరించే మనిషి స్టేజ్ మీద ఉంటాడు. ఆ మనిషి ఇంటికెళ్లిపోయాక మిగిలేది నోట్సే. నేను హాస్టల్‌లో చదివింది స్లైడ్ మీద బొమ్మలు కాదు, వివరంగా రాసిన వాక్యాలు. అందుకే ప్రపోజల్‌తో పాటు ఒక భాగానికి పూర్తి నోట్స్ రాసి జత చేశాం. ఆ గదిలోకి ఎప్పటికీ రాలేని అమ్మాయి ఎక్కడో కూర్చుని చదువుతుంది అనుకుని రాశాం.

పంపేముందు ఒక కాలేజీలో రిహార్సల్ పెట్టాం. మధ్యాహ్నం రెండున్నర, లంచ్ తర్వాత, 38 మంది, సగం ఫ్యాన్లు తిరగట్లేదు. ఇక్కడ నిలబడితే ఎక్కడైనా నిలబడొచ్చు అన్నమాట. గళ్ల జీపీయూ దగ్గర అందరూ ఆగిపోతారని మా అంచనా. అది హాయిగా అర్థమైపోయింది, పోపుల డబ్బా పుణ్యమా అని. కానీ అంతకంటే ముందే మెమరీ లెక్క దగ్గర ఒక కుర్రాడు లేచాడు. "అన్నా, బొమ్మ స్క్రీన్ మీద కదా ఉండేది, మెమరీలో ఎందుకుంటుంది?" అన్నాడు. ముందు నేను తెల్లమొహం వేశా. తర్వాత వెలిగింది. టర్బో సీలో పుట్‌పిక్సెల్ అంటే టక్కున స్క్రీన్ మీద చుక్క పడుతుంది. మధ్యలో మెమరీ అనేది ఒకటుందని ఆ ల్యాబ్‌లో ఎవరూ చెప్పలేదు. నాకూ చెప్పలేదు, నేను ఎప్పుడో నేర్చుకుని, నేర్చుకున్నానన్న సంగతే మర్చిపోయాను. ఆ రాత్రి ఆ 15 నిమిషాల భాగాన్ని మొదటి నుంచి తిరగరాశాం.

ఖర్చుల గురించి కూడా ఓపెన్‌గా చెప్పాలి. పాఠం చెప్పేవాళ్లకి రిజిస్ట్రేషన్‌లో ఏం తగ్గిస్తారు అన్నది ఆ ఏడాది కాల్‌లో చదువుకోండి. ఫ్లైటు, హోటలు, వీసా మాత్రం మన జేబులోంచే అని లెక్కేసుకుని దిగడం మంచిది. వీసా అపాయింట్‌మెంట్ సంగతి మీకు తెలిసిందే. కాబట్టి ఆసియాలో జరిగేవి కూడా చూడండి. యూరప్‌లో యూరోగ్రాఫిక్స్ వాళ్లు ట్యుటోరియల్స్ తీసుకుంటారు. మన దేశంలో ఐసీవీజీఐపీ అని గ్రాఫిక్స్, విజన్ కాన్ఫరెన్స్ ఉంది, 2018లో హైదరాబాద్‌లోనే జరిగింది. ఇంకోటి, జాబ్‌లో ఉన్నవాళ్లు మేనేజర్‌తో ముందే రాతపూర్వకంగా పర్మిషన్ తీసుకోండి. మా స్క్రీన్‌షాట్స్‌లో సగం పాత ప్రాజెక్ట్‌వి, వాడటానికి హక్కు లేదు. సొంతంగా ఒక చిన్న సీన్ కట్టుకున్నాం. సంక్రాంతి ముగ్గు, మధ్యలో భోగిమంట, చుట్టూ పొగ. పొరలు పొరలుగా పొగ కావాలి కదా మరి, మా పాఠానికి అంతకంటే ఏం కావాలి!

రెండో ప్రపోజల్ పంపి అయిదు వారాలైంది. రిజల్ట్ ఇంకా రాలేదు. నేను రోజూ పొద్దున్నే మెయిల్ ఓపెన్ చేస్తున్నా, మా ఫ్రెండ్ అయితే స్పామ్ ఫోల్డర్ కూడా చూస్తున్నాడు. వచ్చాక ఎస్ అయినా నో అయినా ఇక్కడే చెప్తా. ఈలోపు ఆ భోగిమంట సీన్‌ని వేడెక్కించే వెర్షన్, చల్లగా ఉండే వెర్షన్ రెండూ వచ్చే ఎపిసోడ్‌లో మీ ఫోన్‌లోనే రన్ చేసి చూద్దాం. ఛార్జింగ్ పెట్టుకుని రండి. ఉంటా మరి, బై.